పులి చుక్కంత పడింది, ఇప్పుడేం చేయాలి?

పోయిన నెల ఈ శీర్షికలో మిమ్మల్ని ఒకటి అడిగాను. సెలవుల్లో నేషనల్ పార్కులకో అడవులకో పోయి తీసిన ఫొటోల్లో బాగా పాడైనది ఒకటి పంపండి, అక్కడ ఏం జరిగిందో కూడా రాయండి అని. మీరు ఏమీ దాచుకోకుండా పంపారు. ‘ఇందులో పులి ఉంది’ అని రాసిన ఒక ఫొటోలో పులి కోసం మా ఇంట్లో అందరం కూర్చుని వెతికాం, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వెతికాం, చివరికి మా చిన్నమ్మాయికి దొరికింది. హనుమకొండలో స్టూడియో నడుపుకుంటూ, పెళ్ళిళ్ళు లేని నెలల్లో అడవులు పట్టుకుని తిరిగేవాణ్ణి కాబట్టి ఈ పాట్లు నాకు బాగా తెలుసు. కొన్ని ఉత్తరాలకే ఇక్కడ చోటుంది. ఆ పులి ఫొటోతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: డిసెంబర్‌లో ఆరుగురం కాజీపేటలో రైలెక్కి చంద్రపూర్‌లో దిగి, మహారాష్ట్రలోని తడోబా పులుల అడవిలో పొద్దుటి సఫారీకి పోయాం. మా బావ తన కెమెరా ఇచ్చాడు, 18-55 లెన్సు. గంటన్నర తిరిగాక వెనక నుంచి ఎవరో ‘అగో, అగో!’ అన్నారు, అంతే, జీపులో అందరం లేచి నిలబడ్డాం. నేను నూట నలభై ఫొటోలు తీశాను. సగం ఫొటోల్లో ముందు సీటు అన్న మంకీక్యాప్ తప్ప ఇంకేం లేదు, మిగతావి షేక్ అయ్యాయి, ఒక్కదాంట్లో ఎండుగడ్డి మధ్య పసుపు మచ్చ ఉంది. అది పులి అంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. మా అమ్మమ్మ అయితే ‘గింత దూరం పోయి గడ్డిని చూసొచ్చిండ్రా’ అంది. ఏం తప్పు చేశాను సార్?
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: తమ్ముడూ, అది పులే. నేను పెద్దది చేసి చూశాను. అటు తిరిగి వెళ్ళిపోతోంది కాబట్టి ముఖం లేదు గానీ చెవుల వెనక నల్లటి రంగు మీద గుండ్రటి తెల్ల మచ్చలు రెండూ కనిపిస్తున్నాయి. పులి చెవుల వెనక అలాంటి మచ్చలుంటాయి, గడ్డికి ఉండవు. అమ్మమ్మకు ఆ రెండు చుక్కలు చూపించు, తప్పకుండా నమ్ముతుంది.

ఇక తప్పు సంగతి. నీ లెన్సును 55 దగ్గర, అంటే దాని పూర్తి జూమ్‌లో పెట్టి అరవై మీటర్ల దూరంలో ఉన్నదాన్ని తీస్తే, ఫొటో వెడల్పులో దాదాపు 24 మీటర్ల అడవి పడుతుంది. తల నుంచి తోక మొదలు దాకా పులి రెండు మీటర్లు అనుకో. అంటే అది అడ్డంగా, నీ ముందు మొత్తం ఒళ్ళు చూపిస్తూ నిలబడినా ఫొటోలో పన్నెండో వంతే. నీకేమో అది వెనక్కి తిరిగి ఉంది, మధ్యలో గడ్డి ఉంది. కంటికి మాత్రం ఆ క్షణంలో పులి తప్ప ఇంకేం కనపడదు, గుండె కొట్టుకుంటుంటుంది, అందుకే మన మనసులో పులి పెద్దది, ఫొటోలో చిన్నది. ఇది నీ చేతగానితనం కాదు, దూరం లెక్క.

షేక్ అవడానికి కారణం వేరే. డిసెంబర్ పొద్దున చెట్ల కింద వెలుతురు చాలా తక్కువ, కెమెరాను ఆటోలో వదిలేస్తే అది సెకనులో ముప్పయ్యో వంతు లాంటి నిదానపు షట్టర్ వేగం ఎంచుకుంటుంది, అంటే అంతసేపు వెలుతురును లోపలికి రానిస్తుంది, పైగా జీపు ఇంజను ఆడుతుంటే సీటు, మోచేయి, కెమెరా అన్నీ కలిసి వణుకుతాయి. ముందు డ్రైవర్ని మెల్లగా ఇంజను ఆపమని అడగాలి. షట్టర్ వేగం సెకనులో 500వ వంతు పెట్టి, ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురులోనూ ఫొటో పడేలా చేసే సెట్టింగు, 1600 గానీ 3200 గానీ చేయి. ఫొటోలో కొంచెం ఇసుక చల్లినట్టు గింజలు పడతాయి, పడనీ, గింజలున్న పులి చెదిరిపోయిన పులి కంటే వెయ్యి రెట్లు నయం. మోచేతులు జీపు కమ్మీకి ఆనించు. ఫోకస్ గడ్డి మీద పడకుండా మధ్యలో ఉన్న ఒక్క పాయింటే ఎంచుకుని పులి మీద పెట్టు. ఆరుగురు ఒకేసారి లేస్తే ఎవరికీ ఫొటో రాదు, జంతువు కూడా బెదురుతుంది, కాబట్టి జీపెక్కక ముందే మాట్లాడుకోండి, ఏది కనిపించినా ఎవరూ లేవకూడదు, అరవకూడదు అని. మీ జీపులో మాట్లాడుకున్నట్టు లేరు, అందుకే ఆ మంకీక్యాప్.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెప్తాను. నీ ఉత్తరం చివర్లో ‘డ్రైవర్‌కు ఇంకో ఐదొందలు ఇస్తే దగ్గరికి పోనిచ్చేవాడేమో’ అని రాశావు. వద్దు. పులి తన దారిన తను పోతోంది, జీపు అడ్డం పెడితే దారి మార్చుకోవాలి. తడోబా నుంచి మన కాగజ్‌నగర్ వైపు, కవ్వాల్ వైపు పులులు నడిచి వస్తున్నాయి. నువ్వు చూసిన పులికి పుట్టే పిల్ల రేపు మన జిల్లాల్లోకి రావచ్చు. దానికి మనుషులంటే కొంచెం దూరంగానే ఉండాలన్న బుద్ధి ఉండనివ్వాలి. అరవై మీటర్ల నుంచి పులి ముఖం రాదు సరే, మరి ఏం వస్తుంది? పొగమంచు, టేకు చెట్లు, దారి, ఆ దారి చివర చిన్నగా ఒక పులి. అలా తీస్తే పులి చిన్నగా ఉండటమే ఆ ఫొటోకు అందం. పన్నెండో వంతు పులికి పదకొండు వంతుల అడవి కూడా కావాలని అనుకుని తీయి, తేడా నీకే తెలుస్తుంది. ఇంకో సంగతి, కెమెరా తీసుకుపోవడం మంచిదైంది, తడోబా కోర్‌లో, అంటే అడవి లోపలి ముఖ్యభాగంలో, మొబైల్ ఫోన్లు తీసుకుపోనివ్వరు. వేరే పులుల రిజర్వులకు పోయేవాళ్ళు కూడా టికెట్ బుక్ చేసేటప్పుడే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: సింగరేణిలో రిటైరైన మా బాపు, అమ్మ ఈ ఎండాకాలం అమెరికాలో ఉన్న అన్న దగ్గరికి వెళ్ళారు. అన్న వాళ్ళను ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు తీసుకుపోయాడు. వేడినీళ్ళు ఎగజిమ్మే చోట బాపు తెల్ల చొక్కాతో నిలబడ్డాడు, వెనక తెల్లటి ఆవిరి, పైన తెల్లటి మబ్బు. ఫొటోలో బాపు మీసాలు, కళ్ళద్దాలు మాత్రమే గాల్లో ఉన్నట్టు వచ్చాయి. క్యాలెండర్లలో నీలం, నారింజ రంగుల్లో కనిపించే పెద్ద గుండం దగ్గర కూడా పొగ తప్ప ఏమీ పడలేదు. ఒక్క ఫొటో మాత్రం బాగా వచ్చింది, బాపు వెనకాల పెద్ద బైసన్, అదే అక్కడి అడవి దున్న, ఉంది. అది చూసి నాకు భయమేసింది, అన్నేమో ‘ఏం కాదు’ అంటున్నాడు. మళ్ళీ వచ్చే ఏడు వెళ్తారట.
(ఒక పాఠకురాలు, మంచిర్యాల)

జవాబు: అమ్మా, నువ్వు భయపడటమే కరెక్టు. బైసన్ సంగతే ముందు మాట్లాడుకుందాం, ఆవిరి కోసం తొందరేమీ లేదు.

ఎల్లోస్టోన్‌లో రూలు స్పష్టంగా ఉంటుంది. బైసన్‌కు, ఎల్క్ అనే పెద్ద జింకకు కనీసం 25 గజాల దూరంలో ఉండాలి, ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ 100 గజాలు. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, దానికి ఇంకో మూడు గజాలు కలుపుకుంటే బైసన్ దూరం. మీ బాపు ఫొటో చూస్తే పిచ్‌లో సగం కూడా లేదు. బైసన్ మేస్తూ ఉంటే మన బర్రెలా నెమ్మదిగా కనిపిస్తుంది, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో ఉరుకుతుందని చూసినవాళ్ళకు తట్టదు. బాపు దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఫొటో తీసేవాడు తెర మీద చూస్తాడు, తెర మీద అన్నీ దూరంగానే కనిపిస్తాయి, అందుకే ‘ఇంకొంచెం వెనక్కి జరుగు’ అంటాడు. ‘వెనక్కి జరుగు’ అన్న మాట మీ అన్న నోటి నుంచి రాకూడదు. ఈసారి ఫోన్లో ఈ ఉత్తరం చదివి వినిపించు. బాపుకు బైసన్‌తో ఫొటో కావాలంటే కారులో కూర్చోబెట్టి, కిటికీలోంచి బైసన్‌ను చూస్తున్న బాపును వెనక సీటు నుంచి తీయమను, ముఖం పక్కగా పడుతుంది, బైసన్ దూరంగా పడుతుంది, చూసినవాళ్ళకు ‘వీళ్ళు అక్కడే ఉన్నారు’ అని నమ్మకం కలుగుతుంది.

ఇప్పుడు ఆవిరి. నీళ్ళు ఎగజిమ్మే ఆ చోటు పేరు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. సగటున గంటన్నరకు ఒకసారి లేస్తుంది, ఎప్పుడు లేస్తుందో అంచనా వేసి అక్కడే రాసి పెడతారు, ఒకసారి సరిగ్గా రాకపోతే ఇంకోసారి కూర్చోవచ్చు. వంద అడుగులు దాటి లేచే నీటిధార అది, దాన్నీ బాపునూ ఒకే ఫొటోలో నింపాలంటే ఫోన్ నిలువుగా పట్టుకోవాలి. బాపుకు ఎర్రదో నీలందో చొక్కా వేయండి, తెలుపు వద్దే వద్దు. ఆకాశం నీలంగా ఉన్న దిక్కు వెనక ఉండేలా నిలబడే చోటు మార్చుకోండి, మబ్బు పట్టి ఉంటే వెనక చెట్లున్న వైపు చూసుకోండి.

రంగుల గుండం పేరు గ్రాండ్ ప్రిస్మాటిక్. అడ్డంగా వంద మీటర్ల పైనే ఉంటుంది, అంచుల్లో కనిపించే ఆ పసుపు, నారింజ రంగులు వేడిలో బతికే సూక్ష్మజీవులవి. పక్కనే ఉన్న చెక్క బాట మీద నిలబడితే మన కళ్ళు దాదాపు నీళ్ళ ఎత్తులోనే ఉంటాయి, పొద్దున చల్లగా ఉంటే ఆవిరి ఇంకా దట్టంగా లేస్తుంది, ఇక రంగులెక్కడ కనపడతాయి? ఫెయిరీ ఫాల్స్ అనే జలపాతానికి పోయే దారిలో సుమారు కిలోమీటరు నడిచి గుట్టెక్కితే పైనుంచి చూసే చోటు ఉంది. క్యాలెండర్ ఫొటోల్లో చాలావరకు అలా ఎత్తు నుంచి తీసినవే. మధ్యాహ్నం వెచ్చబడ్డాక పొమ్మను. డ్రోన్ ఆలోచన అస్సలు వద్దు, అక్కడి నేషనల్ పార్కుల్లో 2014 నుంచీ నిషేధం. చెక్క బాట దిగి పక్కకు అడుగు పెట్టడం కూడా అంతే, పైన నేల గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ పొర పలచన, కింద మరిగే నీళ్ళు. అక్కడ కాలి చనిపోయినవాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయ ముందు నిలబడి దిగిన ఫొటోల్లో మా ముఖాలు నల్లగా, లోయ మాత్రం గోడకు అంటించిన పోస్టర్‌లా వచ్చింది. కెమెరా మంచిదే.
(కరీంనగర్)

జవాబు: పన్నెండు గంటల ఎండలో తీశారు, టోపీల నీడ ముఖం మీద పడింది. పొద్దున్నో సాయంత్రమో వెళ్ళండి, ఏటవాలు ఎండలో గట్ల నీడలు ఒకదాని మీద ఒకటి పడి లోతు తెలుస్తుంది. ఆ లోయ ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు సుమారు 16 కిలోమీటర్లు, అంటే మన కాజీపేటలో నిలబడి వరంగల్ స్టేషన్ దాటి ఇంకా అవతల ఉన్నదాన్ని చూస్తున్నట్టు, మధ్యలో అంత గాలి, మంట ఎండ, సన్నటి మసక. పోస్టర్‌లా కనిపించక ఏమవుతుంది! దగ్గరగా ఒక చెట్టు కొమ్మో రాయో ఫొటోలో ఒక మూల పడేలా చూసుకోండి, దగ్గరిది పక్కన ఉంటేనే కంటికి దూరం తెలుస్తుంది. మనుషులు లోయ అంచుకు పోవద్దు, కెమెరా దగ్గరికి రావాలి.

ప్రశ్న: బొగత జలపాతం ఫొటోల్లో నీళ్ళున్న చోట తెల్ల కాగితం అంటించినట్టుంది. కొన్ని పొగమంచులో తీసినట్టున్నాయి, కానీ ఆ రోజు మంచు లేదు.
(ములుగు)

జవాబు: పొగమంచు మీ ఫోన్ అద్దం మీద ఉంది. జలపాతం తుంపర, దాని మీద వేలిముద్ర. ప్రతి రెండు ఫొటోలకు ఒకసారి మెత్తటి నూలు గుడ్డతో తుడవండి, తడిసిన చీర కొంగుతో కాదు. తెల్ల కాగితానికి మందు ఏమిటంటే తెర మీద నీళ్ళను వేలితో నొక్కి పట్టుకోండి, పక్కన సూర్యుడి బొమ్మలాంటిది వస్తుంది, దాన్ని కిందికి జరపండి, నీళ్ళలో గీతలు కనిపించేదాకా. చెట్లు కొంచెం నల్లబడతాయి, ఫర్వాలేదు. వాగు ఉధృతంగా ఉన్నప్పుడు అటవీశాఖ వాళ్ళు లోపలికి రానివ్వకపోతే వాళ్ళతో వాదించకండి.

ప్రశ్న: సార్, పాకాల చెరువు మీద పిట్టను ఫోన్‌లో పూర్తిగా జూమ్ చేసి తీశాను. రంగులు అలికినట్టు వచ్చింది. అప్పు చేసి కెమెరా కొనాలా?
(డిగ్రీ విద్యార్థి, నర్సంపేట)

జవాబు: అప్పు చేయకు. ఫోన్‌లో కొంతవరకే లెన్సు జూమ్ ఉంటుంది, ఆ తర్వాత ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీస్తుంది, ఖాళీలను తనకు తోచిన రంగుతో నింపేస్తుంది, అందుకే అలికినట్టుంటుంది. నీ దగ్గరున్న ఫోన్‌తో పిట్ట ఈక రాదు, కానీ పాకాల వస్తుంది. 1213లో, గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు అది, రెండు గుట్టల మధ్య కట్ట, చుట్టూ అడవి. పొద్దున ఆరున్నరకు కట్ట మీద కూర్చో, నీళ్ళ మీద పిట్టలు బారుగా ఎగిరేటప్పుడు తీయి, ఒక్కొక్క పిట్ట చుక్కంతే ఉంటుంది గానీ ఆ చుక్కల వరస, వెనక గుట్టల గీత, కింద నీళ్ళలో నీడ, ఇవన్నీ ఒకే ఫొటోలో పడతాయి. ఏడాది పాటు అలా తీసి చూడు. ఆ తర్వాత కూడా పిట్టల మీద అంతే ఇష్టం ఉంటే నాకు రాయి, వాడిన కెమెరాల్లో ఏది తీసుకోవాలో చెప్తాను.

ప్రశ్న: జన్నారం అడవి రోడ్డు మీద మా మరిది కారాపి, కోతులకు చిప్స్ ప్యాకెట్ చూపించి దగ్గరికి రప్పించి పిల్లలతో ఫొటోలు తీశాడు. ఒక కోతి మా పాప జడ పట్టుకుని లాగింది. అందరూ నవ్వారు, ఆ ఫొటో అందరికీ పంపుకున్నారు. నేనొక్కదాన్నే వద్దన్నానని ‘వదినకు అన్నిటికీ టెన్షనే’ అంటున్నారు.
(ఒక పాఠకురాలు, లక్సెట్టిపేట)

జవాబు: మీరు చేసింది సరైన పని అక్కా, ఇంట్లో అందరికీ ఇది చదివి వినిపించండి. కోతి గీరినా కొరికినా అది నవ్వుకునే విషయం కాదు, ఆ గాయాన్ని వెంటనే సబ్బుతో బాగా కడిగి రేబిస్ సూది కోసం ఆస్పత్రికి పోవాల్సిందే. పాప తల మీద గీత ఏమైనా ఉందేమో ఇవాళే చూడండి, ఉంటే ఆలస్యం చేయవద్దు.

అది కవ్వాల్ పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో జంతువుల్ని ఆటపట్టించడం, చెత్త పారేయడం నేరం. చట్టం పక్కన పెట్టినా, ఒకసారి చిప్స్ రుచి చూసిన కోతి మళ్ళీ అడవిలో కాయలు వెతుక్కోదు, రోడ్డు మీదే కాచుకుని కూర్చుంటుంది, ఏదో ఒక లారీ కింద పడుతుంది. ఆ దారిలో నేను ఎన్నిసార్లో చూశాను, చచ్చిపోయిన పిల్లను పొట్టకు అదుముకుని రోడ్డు పక్కన కూర్చున్న తల్లికోతిని కూడా చూశాను, కెమెరా పక్కనే ఉన్నా తీయలేకపోయాను. మీ మరిదికి పిల్లల నవ్వు ముఖాలు కావాలి, అది మంచి కోరికే. కారు దిగకుండా, అద్దాలు సగం ఎత్తి, కోతుల్ని చూస్తున్న పిల్లల ముఖాలు తీయమనండి. కోతి ఫొటోలో పడనక్కర్లేదు, పిల్లల కళ్ళలోనే తెలుస్తుంది.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో మధ్యప్రదేశ్‌లోని కాన్హా నేషనల్ పార్కుకు పోయాం. మావారు, పిల్లలు, అత్తమ్మ, అందరి ఫొటోలూ ఉన్నాయి, తీసింది నేనే కదా, నేను ఎందులోనూ లేను. ఒక్కదాంట్లో ఉన్నాను. పొద్దున చలిలో గేటు ముందు జీపు కోసం చూస్తుంటే మా ఏడేళ్ళ బాబు తీశాడు. షేక్ అయింది, తల పైభాగం తెగిపోయింది, గేటు మీది పేరు కూడా పడలేదు. దుప్పటి కప్పుకుని, సకినాల డబ్బా చేత్తో పట్టుకుని నవ్వుతూ ఉన్నాను. ‘ఇదేం ఫొటో, తీసెయ్’ అంటున్నారు మావారు. ఫోన్‌లో జాగా కూడా లేదు.
(ఒక పాఠకురాలు, జగిత్యాల)

జవాబు: తీసేయకండి. జాగా కావాలంటే ఆ రోజు తీసిన ఎండుగడ్డి ఫొటోలు తీసేయండి, బారాసింగా జింకలు ఒకేలా నిలబడ్డ ఇరవై ఫొటోల్లో రెండు ఉంచుకుని మిగతావి తీసేయండి.

మా అమ్మ ఫొటో ఒకటి నా దగ్గర ఉంది, పాకాల కట్ట మీద. అప్పుడు రీలు కాలం, 36 ఫొటోలు పడే రీలు కొంటే రెండు పండుగలు, ఒక పెళ్ళి దాకా జాగ్రత్తగా వాడుకునేవాళ్ళం. ఆ రీలులో చిట్టచివరి ఫొటో నేను తీశాను, నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. రీలు అయిపోతుండగా వెలుతురు తగిలి సగం ఎర్రగా కాలిపోయింది. చెరువు పడలేదు, గుట్టలు పడలేదు, అమ్మ చేతిలో టిఫిన్ డబ్బా మూత, పక్కకు తిరిగి ఎవరినో చూసి పగలబడి నవ్వుతున్న ముఖం, అంతే. ‘రీలు దండగ చేశావు’ అని బాపు కోప్పడ్డాడు కూడా. అమ్మ ఫొటోలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి, స్టూడియోలో దిగినవి, పెళ్ళిళ్ళలో దిగినవి, అన్నింట్లో నిటారుగా, కొంగు సర్దుకుని, గంభీరంగా నిలబడి ఉంటుంది. అమ్మ పోయాక మా చెల్లెలు వచ్చి అడిగింది ఆ సగం కాలిన ఫొటోనే. కాపీ తీసి ఇచ్చాను, అసలుది నా దగ్గరే పెట్టుకున్నాను.

మీ బాబు తన ఎత్తు నుంచి మిమ్మల్ని కింది నుంచి పైకి చూస్తూ తీశాడు, అందుకే తల తెగింది. మీ ముఖం వాడికి రోజూ కనిపించేది అలాగే. ఏదైనా మంచి ల్యాబ్‌లో ఆ ఫొటోను చిన్న సైజులో కడిగించండి, పెద్దది చేస్తే షేక్ ఎక్కువ కనిపిస్తుంది, అరచేయంత చాలు. వెనక బాబు పేరు, తారీఖు, కాన్హా గేటు అని రాయండి.

వచ్చే సెలవులకు ఫోన్ వాడి చేతికే ఇవ్వండి, రోజుకు పది ఫొటోలు వాడివే అని చెప్పండి. రెండు చేతులతో పట్టుకోమనండి, నొక్కాక కూడా కదలకుండా ఒకటి, రెండు అని లెక్కపెట్టి అప్పుడు దించమనండి. పిల్లలు నొక్కగానే ఫొటో ఎలా వచ్చిందో చూడాలని గబుక్కున దించేస్తారు, షేక్ అయ్యేది అక్కడే.